గొంతులో గుడ్డ

“స్టార్ట్ అవుతుంది. నిలబెట్టి ఉంచితే హాయిగా గుర్రుమంటుంది. ఎక్సలేటర్ నొక్కితే మాత్రం ఊపిరాడనట్టు కొట్టుకుని చల్లబడిపోతుంది,” అంది ఆమె.

ట్రాలీ మీంచి దించిన క్వాడ్ బైక్ షాపు ముందు నిలబడి ఉంది. కొండల్లోనూ ఇసుకలోనూ తిరిగే లావు టైర్ల బండి. నల్లటి బాడీ కొత్తగా మెరుస్తోంది.

మెకానిక్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. చెవి పెట్టి విని జబ్బు చెప్పేస్తాడని వీధిలో అందరూ ఆయన్ని డాక్టర్ అంటారు.

“ఇంతకుముందు సర్వీసింగ్ ఎక్కడ చేయించారమ్మా?”

“ఈ వీధిలోనే. మా తమ్ముడు తెచ్చాడు.”

డాక్టర్ తల ఎత్తాడు. చూపు రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న నీలం బోర్డు మీద వాలింది.

ఆ షాపు డాక్టర్ బావమరిదిది. పదేళ్ళు పక్కన పెట్టుకుని, పానా పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పించాడు. నేర్చుకున్నవాడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టి, ఒకరోజు పొద్దున్నే ఎదురుగా షట్టర్ ఎత్తాడు. అంతటితో ఊరుకోలేదు. “బావకి వయసైపోయింది, చెయ్యి మునుపట్లా లేదు,” అని వచ్చేపోయేవాళ్ళతో అన్నాడట. ఆ మాట మూడేళ్ళుగా డాక్టర్ గుండెలో మేకులా దిగబడి ఉంది. వీడు ఎప్పటికైనా తప్పు చెయ్యకపోతాడా, అది నా చేతికి చిక్కకపోతుందా అని కాచుకుని ఉన్నాడు.

“కూర్చోండమ్మా. దీని సంగతేమిటో తేల్చే లేద్దాం,” అని తనే స్టూలు వేశాడు.

ముందు ప్లగ్గు తీశాడు. కాటుక పట్టినట్టు నల్లగా ఉంది. పెట్రోలు పైపు పీకాడు. ధార బాగానే వస్తోంది. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. అక్కడా అడ్డం లేదు.

“పెట్రోలు అందుతోంది. గాలి చాలడం లేదు,” అన్నాడు.

ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది ఫిల్టర్ నుంచి కార్బొరేటర్‌కి వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం. క్లిప్పులు వదులు చేసి లోపలికి వేలు పెట్టాడు. వేలికి మెత్తగా ఏదో తగిలింది.

పట్టకారుతో లాగితే జానెడు గుడ్డ బయటికొచ్చింది.

డాక్టర్ కళ్ళు వెలిగాయి.

“చూశారా! ఫిల్టర్ కడిగేటప్పుడు దుమ్ము పడకుండా ఇక్కడ గుడ్డ కుక్కుతాం. పనయ్యాక తియ్యాలి. వీడు తియ్యకుండానే బిగించేశాడు. కడుపు కోసి, గుడ్డ లోపలే మరిచిపోయి కుట్లేసేవాళ్ళుంటారే, ఆ బాపతు! ఊరికే తిరుగుతున్నప్పుడు ఇంజన్‌కి సందుల్లోంచి వచ్చే గాలి సరిపోతుంది. ఎక్సలేటర్ గట్టిగా నొక్కగానే గుడ్డ లోపలికి పీల్చుకుపోయి గొంతుకి అడ్డం పడుతుంది. కాస్త ఎత్తు మీద ఒక్క ట్రయల్ వేసినా తెలిసేది.”

“ట్రయల్ వెయ్యలేదంటారు.”

“వేస్తే అప్పుడే దొరికేది కదమ్మా!”

ఆమె ఆ గుడ్డని చేతిలోకి తీసుకుంది.

“ఎనిమిది నెలల క్రితం ఇక్కడికి నాలుగు గంటల దూరంలో కొండెక్కుతున్నాడు మా తమ్ముడు. సగం ఎత్తులో ఉండగా బండి చల్లబడిపోయింది. వెనక్కి దొర్లి వాడి మీద పడింది. నడుం కింద స్పర్శ లేదు. నీళ్ళ గ్లాసు కూడా నేనే అందించాలి.”

డాక్టర్‌కి పాపం అనిపించింది. ఆ వెనకే లోపల ఇంకేదో లేచి కూర్చుంది.

“తర్వాత ఇంజన్ ఎవరైనా విప్పారా?”

“లేదు. మొన్నటిదాకా పోలీస్ స్టేషన్లోనే ఉంది. నుజ్జయిన బాడీ మార్పించాను, పెట్రోలూ బ్యాటరీ కొత్తవి వేయించాను. అంతే.”

“అయితే వాడిక తప్పించుకోలేడు.”

“ఈ మాటే కాగితం మీద రాసిస్తారా? వాణ్ణి నేను వదలను.”

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. ఆయన షాపు పేరున్న కాగితం తీసి, బండి సీటు మీద పెట్టుకుని ఒక్కో అక్షరమూ దిద్దినట్టు రాశాడు. ‘చివరిసారి సర్వీసింగ్ చేసిన మెకానిక్ గుడ్డ తియ్యకుండా వదిలేసినందువల్లే ఇంజన్ ఆగింది. ఇలాంటివాడి చేతికి ఇంకే బండీ అప్పగించకూడదు.’ రెండో వాక్యం ఆమె అడగలేదు. ఆయనే కలిపాడు.

సంతకం పెట్టాడు. ముద్ర కొట్టాడు. కసి తీరలేదు. పక్కనున్న టైర్ల షాపాయన్నీ, వెల్డరునీ కేకేసి గుడ్డ చూపించి సాక్షి సంతకాలు పెట్టించాడు. రోడ్డు వైపు తిరిగి, నాలుగు షాపులకి వినపడేలా పైకి చదివాడు కూడా. ఎదురుగా బావమరిది చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

“మామూలు తప్పు కాదమ్మా ఇది. వాడు షట్టర్ దించాల్సిందే. కోర్టుకి రమ్మన్నా వస్తాను.”

“రావాలి మీరు,” అంటూ ఆమె కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. గుడ్డని కూడా ఒక కవర్లో వేసుకుంది.

“పదండి, ముందు వాడి మొహం మీదే అడుగుదాం!” డాక్టర్ రోడ్డు మీదికి రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. ఆమె కదల్లేదు.

“ఆ షాపు గడప మేమెప్పుడూ తొక్కలేదు, కొండెక్కిన రోజు పొద్దున మా తమ్ముడు సర్వీసింగ్ చేయించి ఈ బండి తీసుకెళ్ళింది మీ దగ్గర్నుంచే,” అంది ఆమె.