లెక్కలోకి రాని షాట్లు

“పేస్టు ట్యూబు మధ్యలో నొక్కొద్దని వందసార్లు చెప్పాను. నడుం విరిగింది చూడు,” అంది అత్తగారు.

“మా ల్యాబులో ప్లాస్మా, అదే కరెంటు పారే వేడి వాయువు, అది కూడా అంతే అత్తయ్యా,” అంది కోడలు కంచాలు పెడుతూ. “దాని కరెంటే దాన్ని పిండేస్తుంది. ఎక్కడ నడుం సన్నబడితే అక్కడ తెగిపోతుంది. మేం తెగకుండా నిలబెట్టాం. రేపు జర్నలుకి పేపరు పంపితే నా ఉద్యోగం ఖాయమైనట్టే.”

“ఒక్కసారీ తెగలేదా?”

“ఒక్కసారి కరెంటు వదిలితే ఒక షాటు. లెక్కలోకి తీసుకున్న పన్నెండు షాట్లలో తెగలేదు.”

“తీసుకోనివో?” అత్తగారు పట్టు విడిచే మనిషి కాదు.

“యంత్రం తెరిచి మూశాక మొదటి షాట్లు లోపల శుభ్రపడటానికే. అవి ఎవరూ లెక్కపెట్టరు.”

“శుభ్రపడటానికి ఎన్ని కావాలి?”

“పది.”

“మీరెన్ని వదిలేశారు?”

కోడలు చేతిలో గరిటె ఆగింది. “నలభై ఒకటి. తెగినవి కూడా అందులోనే కలిపేశాం.”

“అబ్బో, బాగా మురికి పట్టిన యంత్రమే,” అంటూ అత్తగారు గ్లాసుల్లో నీళ్లు పోసింది.

అందరూ భోజనానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక కోడలు తలెత్తింది.

“రేపు పేపరు పంపడం లేదు.”

“మరి ఉద్యోగం?” అన్నాడు భర్త.

“తెగిన ముప్పై ఒకటీ చేర్చి, ఎందుకు తెగాయో రాస్తాను. ఏడాది పడుతుంది. అప్పటికీ వాళ్లకు నేను కావాలనిపిస్తే ఖాయం చేస్తారు.”