బుక్కరాయసముద్రంలో గోకులం

“చీకటి యాడుందమ్మా?” అన్నాడు తిప్పేష్, చేతిలో కొత్త బల్బు పట్టుకుని.

మధ్యాహ్నం పన్నెండు. బుక్కరాయసముద్రం మీద ఎండ పెనం మీది అట్టులా చిటచిటలాడుతోంది. గుమ్మంలో నిలబడ్డ బయమ్మ ఆ బల్బునూ, వాణ్ణీ మార్చి మార్చి చూసింది.

“చీకటి కాదురా, చిగట. ఇల్లంతా చిగటలు పడినాయి, మందు కొట్టను రారా అంటి ఫోన్లో.”

బయమ్మ మడకశిర దిక్కు మనిషి. కన్నడం కలిసిన ఆ ఊళ్ళలో, జంతువుల బొచ్చులో చేరి గెంతుతూ కుట్టే చిన్న నల్ల పురుగును చిగట అంటారు. తిప్పేష్‌ది మైకుసెట్టు పని, ఖాళీగా ఉంటే ఎవరు ఏ పని చెప్పినా వస్తాడు. పదిహేనేళ్ళు సౌండు బాక్సుల పక్కన నిలబడి బాక్సులతో పాటు చెవులనూ అద్దెకిచ్చేశాడు. వాడి చెవిలో పడ్డ మాట పడ్డట్టు లేవదు.

లోపల సోఫా మీద రెండు కాళ్ళూ పైకి పెట్టుకుని కూర్చున్న దివాకర్‌కు నవ్వు రాలేదు. బయమ్మకు ఆయన అల్లుడు. పార్టీలో మండలాధ్యక్ష పదవి కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి జిల్లా నాయకుడు విష్ణువర్ధన్ కాఫీకి వస్తున్నాడు. ఇల్లూ మనిషీ మర్యాదా చూసుకుని పేరు ఖాయం చేస్తాడట. మండలం చేతికి రాకముందే దివాకర్ కాళ్ళు మండుతున్నాయి.

వారం రోజులుగా అది ఇల్లు కాదు, గోకులం. ఎవరి గోకుడు వాళ్ళది. మోకాళ్ళ కింద దద్దుర్లు, గోకి గోకి రసి కారే పుళ్ళు. తెల్లపంచె దులిపితే మిరియాల పొడి రాలినట్టు నల్లచుక్కలు రాలేవి, రాలిన పొడి మళ్ళీ పైకి ఎగిరేది. ఒకదాన్ని పట్టి రెండు గోళ్ళ మధ్య నొక్కితే టిక్కుమని చిట్లేది. గోటికి అంటేది తన రక్తమే. నిన్న రాయలవారిలా కూర్చుని పెరుగన్నం తింటుంటే తిరగమోత ఆవగింజ ఒకటి విస్తట్లోంచి గెంతి వెళ్ళిపోయింది. దాని తోటిది అప్పటికే పంటి కింద నలిగింది. ఇప్పటికీ నాలుక గీక్కుంటున్నాడు.

ఇదంతా బయమ్మ పిల్లి పుణ్యమే అన్నాడాయన భార్య సరళతో. దాన్ని గోనెసంచిలో వేసి తాడిపత్రి లారీ ఎక్కించమన్నాడు. బయమ్మ పిల్లిని చంకలో ఇరికించుకుని, బొచ్చు పాయలు తీసి చూపించింది. పిల్లి వచ్చి ఆర్నెల్లయింది, ఇన్నాళ్ళూ లేని చిగటలు ఇప్పుడెట్లా పుట్టాయని అడిగింది.

“నా పిల్లి పోతే నేనూ పోతా, నాయనా.”

ఆ బేరం దివాకర్‌కు తెగ నచ్చింది గానీ, సరళ ముఖం చూసి మింగేశాడు.

పెద్దమనుషులు వచ్చేలోపు కనీసం సోఫా మీది కంబళి ఉతుకుతానంది సరళ. అది కంపు కొడుతోందంది.

“అది కంపు కాదే, జనం వాసన. ఉతికితే గౌరవం పోతాది.”

మొన్న అమావాస్య నాడు పక్క ఊళ్ళో గొర్రెల కాపరులు డోళ్ళు వాయిస్తూ దివాకర్‌కు సన్మానం చేశారు. మైకూ తిప్పేష్‌దే, పెద్దకాపరి బసప్ప చేతికి కంబళి అందించిందీ తిప్పేషే. కప్పిన వెంటనే బసప్ప చెవి దగ్గరకొచ్చి ఏదో చెప్పబోయాడు. పొగడ్తలేవైనా ఉంటే మైకులో చెప్పమన్నాడు దివాకర్. బసప్ప నోరు మూసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక కుక్క ఊరి పొలిమేర దాకా కారు వెంట పరిగెత్తింది. నోరులేని జీవానికి కూడా తనంటే ఎంత అభిమానమోనని దివాకర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. రోజూ మధ్యాహ్నం ఆ కంబళి పరుచుకుని, ముఖం ఆనించి గుండెల నిండా గౌరవం పీల్చుకుంటూ కునుకు తీసేవాడు.

తిప్పేష్‌ను మందు తెమ్మని తరిమారు. ఏ మందని అడిగి తన్నులు తినబోయి తప్పించుకుని, చివరికి శనగచేలో కొట్టే మందూ, వీపుకు తగిలించుకునే ట్యాంకూ తెచ్చాడు. గోడలూ మూలలూ మంచాలూ తడిపాడు. ఇంటిల్లిపాదీ దగ్గుతుంటే, కంబళి మీద చుక్క పడకుండా దివాకర్ స్వయంగా ప్లాస్టిక్ పట్ట కప్పాడు.

నాలుగింటికి విష్ణువర్ధన్ పదిమందితో వచ్చాడు. దివాకర్ పట్ట తీసి, ఆయన్ను ఆ కంబళి మీదే కూర్చోబెట్టి, సన్మానం కథ మొదలుపెట్టాడు. కథ సగంలో విష్ణువర్ధన్ ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకున్నాడు. చేయి చొక్కాలోకి పోయింది. కాఫీలో ఏదో టప్పున దూకింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు.

“ఏమప్పా దివాకర్, ఇంట్లో ఏం పెంచుతాండావు?”

“మా అత్త పిల్లన్నా. పొద్దు మునిగేలోగా పంపించేస్తా.”

“అత్త పిల్లంటే నీ పెండ్లామే కదప్పా?”

పదిమందీ నవ్వారు. సరళ నవ్వలేదు. బయమ్మ అప్పటికే బట్టలు సంచిలో కుక్కుకుంటోంది. పదవి పెదవి దాకా వచ్చి జారిపోతున్నట్టు దివాకర్‌కు చెమట పట్టింది.

అప్పుడే గుమ్మంలో బసప్ప కనిపించాడు. చంకలో మడత విప్పని కొత్త కంబళి, వెనక ఆ కుక్క. దివాకర్‌కు ప్రాణం లేచొచ్చింది.

“చూసినావా అన్నా, మళ్ళా సన్మానం. జనం నన్ను ఇడిసిపెట్టరు.”

బసప్ప చెప్పులు విడుస్తూ గడప దగ్గరే ఆగాడు. కుక్క మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. తిన్నగా సోఫా ఎక్కి, జిల్లా నాయకుణ్ణి వీపుతో పక్కకు నెట్టి, పాత కంబళి మీద మూడు చుట్లు తిరిగి ముడుచుకుని పడుకుంది. హమ్మయ్య అన్నట్టు ముక్కుతో ఊపిరి వదిలింది.

గదిలో గోకుడు ఆగిపోయింది. బసప్ప కొత్త కంబళిని దివాకర్ ముందు పెట్టి, మూలన నిలబడ్డ తిప్పేష్‌ను చూపిస్తూ అందరికీ చేతులు జోడించాడు.

“డోళ్ళ మోతలో పక్కనుండేది తేరా అంటే, ఈడు కుక్కుండేది తెచ్చినాడన్నా.”