పట్టీ కట్టుకున్న చెయ్యి

ఈశ్వరి బియ్యం కడుగుతుండగా మణికట్టు మీది పట్టీ కాల్చడం మొదలుపెట్టింది. చూస్తూండగానే చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

ఐరోపాలో మొహానికి రాసే క్రీము అమ్మాలంటే, అక్కడి చట్టం ప్రకారం తయారుచేసే ఇంట్లో ఒకరు ఆ పట్టీ కట్టుకుని తీరాలి. అక్కడ ఎవరి మొహం మండినా ఇక్కడ పట్టీ ఉన్న చెయ్యి మండుతుంది. ఇన్నాళ్ళూ చిన్న దురద తప్ప ఏమీ లేదు.

క్రీము కలిపేది మరిది సింహాద్రి.

"ఏటి కలిపేవురా?"

"పాదరసం, వదినా. మొహాలు తొందరగా తెల్లబడాలని."

"ఐరోపాకి ఫోన్ చేసి అమ్మకం ఆపించు. కలిపినవాడు చెబితేనే ఆపుతారు."

"ఆపితే వ్యాపారం పోద్ది. నువ్వే కాస్త ఓర్చుకో."

ఈశ్వరి రుబ్బురోలు పొత్రం ఎత్తి అతని మోకాలి మీద వేసింది. ఎముక పటుక్కున విరిగింది. కిందపడ్డవాడి గుండెల మీద మోకాలు ఆనించి, తన పట్టీ విప్పి అతని చేతికి బిగించింది. ఇంట్లో ఎవరు కట్టుకున్నా చట్టానికి ఒకటే.

చర్మం కమిలిన వాసన వచ్చింది. సింహాద్రి అరుస్తూ, విరిగిన కాలు ఈడ్చుకుంటూ ఫోను దాకా పాకాడు.

"ఆపండి! పాదరసం కలిపింది నేనే!"

"తప్పకుండా ఆపుతామండీ," అంది అవతలి గొంతు మర్యాదగా. "అన్ని ఊళ్ళకీ కబురు చేరేసరికి సాయంత్రమవుతుంది. కాస్త ఓర్చుకోండి."