ఎర్రన్న మీద కాసినవాడు

"బిగించి కట్టరా సూరయ్యా. వదులైతే ఇరిగేది నా యేళ్ళు."

"నీ యేళ్ళు ఇరిగితే ఇంటికాడ మా అప్ప నా మెడ ఇరిసేస్తాది బావా," అంటూ సూరయ్య గుడ్డపట్టీని ఎర్రన్న గుప్పిటి చుట్టూ ఇంకోసారి లాగి చుట్టాడు.

రాజాం శివార్లలో మూతబడిన గోదాం అది. గోడకవతల జనం ఈలలు వేస్తున్నారు. పేరుకు బాక్సింగ్ పోటీ. వచ్చినవాళ్ళలో ఆట కోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు, అందరూ పందేల కోసమే వచ్చారు.

సూరయ్య ఎర్రన్నకు బావమరిది, భార్య గున్నమ్మకు తమ్ముడు. వల అల్లే చెయ్యి, అందులోనూ ఎడమచేతి వాటం. మిగతావాళ్ళు పట్టీ చివర టేపు అంటించి ఊరుకుంటారు. సూరయ్య మాత్రం మణికట్టు లోపలివైపు వల ముడి వేస్తాడు. అందరి ముళ్ళూ కుడికి తిరిగితే అతనిది ఎడమకు తిరుగుతుంది. కత్తెర పెడితే తప్ప ఊడదు. "ఇదేం ముడిరా నాయనా" అని తోటి బాక్సర్లు నవ్వేవారు. ఎర్రన్న తొలిసారి రింగులోకి దిగిన రోజు నుంచి ఆ ముడీ మారలేదు, ఆ మనిషీ మారలేదు.

మారినవాళ్ళకేం, బోలెడంత మంది. ఎర్రన్నకు మొట్టమొదటి గ్లవుజులు కొనిచ్చిన, ఈ పోటీలు పెట్టించే ధనరాజే పోయిన వారం ఊరి రేవులో చేపల వేలం దగ్గరికొచ్చి, పదిమందిలో అడిగేశాడు. "ఎర్రన్నా, ఆ పాతపట్నం గుంటడి సేతిలో పడిపో. నీ వాటా నీకు ముడతాది."

"నా వల్ల కాదు బాబూ," అని ఎర్రన్న అక్కడికక్కడే తెగ్గొట్టి వచ్చేశాడు. చెప్పింది ఎవరి చెవికెక్కింది గనక? ఎర్రన్న అమ్ముడుపోయాడన్న మాట మర్నాటికే ఇల్లిల్లూ తిరిగేసింది. కలిసి వల లాగినవాళ్ళూ, ఒకే కంచంలో తిన్నవాళ్ళూ కూడా ఇవాళ ఆ పాతపట్నం కుర్రాడు బాబీ మీదే కాశారు. ఒంటి మీద దెబ్బలంటే అలవాటే గాని సొంత ఊరు నమ్మకపోవడం ఎర్రన్నకు కొత్త.

"మనూరోల్లు ఒక్కరైనా నా మీద కాసినారేట్రా?"

సూరయ్య తలెత్తలేదు. "నాను కాసినాను బావా. ఇంట్లో ఉన్నదంతా ఊడ్సి నీ మీదే ఎట్టీసినాను."

"పిచ్చెక్కినాదేట్రా నీకు? నా ఎడమ కన్ను సరిగ్గా ఆనదని నీకు తెలీదేటి?"

"తెలుసు. అయినా నువ్వే గెలుస్తావు. ధనరాజ్ బాబుకి లొంగకు. పరువుగా గెలిసి దిగిపో. ఇదే ఆకరని అప్పకి మాటిచ్చినావు కదా."

ఒక్కడైనా ఉన్నాడు. ఆ ఒక్కడి కోసమైనా ఈ రోజు గెలవాలనుకున్నాడు ఎర్రన్న.

రక్తం అద్దే దూది చుట్టను జేబులో కుక్కుకుని, మంచినీళ్ళు తెస్తానని సూరయ్య బయటికి వెళ్ళాడు. పోటీ మొదలయ్యే వేళకు గాని తిరిగి రాలేదు.

బాబీ ఎద్దులా మీదికొచ్చాడు. మొదటి గుద్దు దవడకు తగలగానే తన పని అయిపోయిందనుకున్నాడు ఎర్రన్న. కాలేదు. రెండోదీ తగిలింది. కుర్రాడు చెయ్యి విసిరే ఊపు చూస్తే గోడ కూలేలా ఉంది, తగిలితే మాత్రం దిండు తగిలినట్టుంది. నలభైకి దగ్గరపడిన ఈ ఒంట్లో ఇంకా ఇంత సత్తువ మిగిలి ఉందా అని ఎర్రన్న లోలోపల పొంగిపోయాడు.

రెండో రౌండులో తలలు ఢీకొని కనుబొమ్మ చిట్లింది.

"దూది ఎట్రా," అన్నాడు మూలకొచ్చి.

సూరయ్య జేబు తడుముకున్నాడు. "ఏడో పడిపోనట్టున్నాది బావా," అంటూ భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

మూడో రౌండులో ఎర్రన్న కుడిచేతి దెబ్బకు బాబీ వెల్లకిలా పడ్డాడు. పది లెక్కపెట్టినా లేవలేదు. ఎర్రన్న చేతులెత్తి తన ఊరివాళ్ళలో ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. ఒక్కడూ కళ్ళు కలపలేదు. వింతేమిటంటే, ముందు వరసలో ధనరాజ్ ముఖాన కోపమే లేదు. కిళ్ళీ నములుకుంటూ నింపాదిగా లేచి వెళ్ళిపోయాడు.

సూరయ్య బావను వాటేసుకుని భోరుమన్నాడు. తర్వాత ఆటో మాట్లాడి తెస్తానని వెళ్ళాడు.

వెనకగదిలో బాబీ ఒక్కడే కూర్చుని వెక్కుతున్నాడు. ఎర్రన్నకు జాలేసి పక్కన చేరాడు.

"ఎంత కొట్టినా నీకు తగల్నేదన్నా. నాను దీనికి పనికిరాను."

"అలగనకురా. నీది మంచి సెయ్యి."

"యేళ్ళు తిమ్మిరెక్కిపోనాయి. ఈ కట్టు కోసీ అన్నా."

ఎర్రన్న వాడి గ్లవుజులు ఊడలాగి, బల్ల మీది కత్తెర అందుకున్నాడు. "ఇంత లావేట్రా ఈ కట్టు?"

"మా కోచ్ కి జొరం, రానేదు. ధనరాజ్ బాబే తలకి తువ్వాలు సుట్టుకున్న మనిసినెవుడ్నో పంపి కట్టించినారు. తొలి పందెం కదా, యేళ్ళు ఇరక్కుండా ఇలగే కట్టాలన్నారు."

గుప్పిటి మీద కత్తెర పడగానే లోపలినుంచి తెల్లగా దూది ఉబికి వచ్చింది. ఎర్రన్న చెయ్యి ఆగిపోయింది. ఆ దిండు దెబ్బలేమిటో అర్థమైంది. ధనరాజ్ రేవులో పదిమందిలో ఎందుకు అడిగాడో కూడా అర్థమైంది. ఎర్రన్న పడిపోతాడని జనమంతా బాబీ మీద కాయాలి, తను మాత్రం గుట్టుగా ఎర్రన్న మీద కాసుకోవాలి.

ఆఖరి గెలుపు కూడా తనది కాదన్నమాట. ఎర్రన్నకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టి తనను నమ్మిన సూరయ్యకు ఈ మాట ఏ ముఖంతో చెప్పడం? తెలిస్తే వాడి గుండె పగిలిపోదూ?

మిగతా కట్టు కోయడానికి బాబీ చెయ్యి వెనక్కి తిప్పాడు.

మణికట్టు మీద వల ముడి ఎడమకు తిరిగి ఉంది.