పది శనివారాలు

"పాపా, ఈ దారం కొస కాస్త పట్టుకుంటావా?"

సాఫ్ట్‌బాల్ గ్రౌండ్‌లో సున్నంతో గీత గీయబోతూ అడిగింది ముసలామె.

దెబోరా వినపడనట్టు తల వంచుకుని ముందుకు నడిచింది.

వినపడింది. కానీ వెనకాల జట్టు పిల్లలు వస్తున్నారు. గ్రౌండ్ ఊడ్చే మనిషితో కలిసి నిలబడితే ఇంకేం పేరు పెడతారో అని భయం.

ఇప్పటికే ఒక పేరు పెట్టారు. 'సర్'. మొదటిరోజు కోచ్ రాగానే బెంచీ మీంచి లేచి, చేతులు కట్టుకుని "గుడ్ మార్నింగ్ సర్" అన్నందుకు. వాళ్ళ ఊరి బళ్ళో అలాగే నేర్పారు. అమెరికాలో, ఈ నోవై ఊళ్ళో ఎవరూ లేవరని ఆ పిల్లకేం తెలుసు?

ముసలామె దారం కొసకి రాయి కట్టి, తనే అటూ ఇటూ నడిచి గీత పూర్తి చేసుకుంది.

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అది 1983 మే నెల. దెబోరాకి పదమూడేళ్ళు. అమెరికా వచ్చి ఎనిమిది నెలలు. నాన్న సుందర్ రాజ్ కార్ల కంపెనీలో డ్రాయింగులు వేస్తాడు. శనివారం ఓవర్‌టైమ్. అమ్మ దీనమ్మ నర్సు. శనివారం కూడా షిఫ్టే. పిల్ల ఇంట్లో ఒక్కతే గోడలు చూస్తూ కూర్చుంటోందని ఊళ్ళోని పిల్లల సాఫ్ట్‌బాల్ లీగ్‌లో చేర్చారు.

ఇప్పుడు గ్రౌండ్‌లో ఒక్కతే కూర్చుంటోంది.

"మీ ఇంట్లోంచి ఎవరు వస్తున్నారు సర్?" బెంచీ మీద అడిగింది జట్టులో పిల్ల ట్రేసీ.

"ఎందుకు?"

"తెలీదా? ఇంటికొకరు పని చెయ్యాలి. మా అమ్మ స్నాక్స్ కొట్లో ఉంటుంది. కిమ్ వాళ్ళ నాన్న స్కోరు రాస్తాడు. ఎవరూ రాకపోతే పిల్లని తీసేస్తారు!"

దెబోరా ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నాన్నా, ఒక్క శనివారం వచ్చి గ్రౌండ్‌లో ఏదైనా పని చేస్తావా?"

"ఓవర్‌టైమ్ వద్దంటే జాబే వద్దంటారమ్మా. లేఆఫ్‌లు చూస్తున్నావుగా."

"అమ్మా?"

"ఎవర్ని అడిగి షిఫ్ట్ మార్చుకోనే? ఆడుకోడానికి పంపిస్తే మాకూ పనులు పురమాయిస్తున్నావేంటి?"

అప్పట్నించీ ప్రతి శనివారం అదే గుబులు. కోచ్ పక్కకి పిలుస్తాడు. వచ్చే వారం నించి రావద్దంటాడు.

కోచ్ పిలవలేదు.

బ్యాట్‌కి బంతి తగలక వెనక్కి తిరిగి వస్తున్నప్పుడల్లా కంచె అవతల్నించి ఒక్కరివే చప్పట్లు. ముసలామె. దెబోరాకి ఒళ్ళు మండేది. ఓడినవాళ్ళకి చప్పట్లేమిటి, వెక్కిరింత కాకపోతే?

ఎనిమిదో శనివారం బంతి తగిలింది. గట్టిగా తగిలింది. ఏం చెయ్యాలో తోచక బ్యాట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పరిగెత్తు సర్! పరిగెత్తు!" బెంచీ మొత్తం లేచి అరిచింది.

పరిగెత్తింది. ఆరోజు ట్రేసీ తన చిప్స్ ప్యాకెట్ దెబోరా వైపు జరిపింది. ఆ రాత్రి దెబోరా మొదటిసారి, "ప్రభువా, నన్ను జట్టులోంచి తియ్యనివ్వకు" అని ప్రార్థన చేసుకుంది.

ఆటలు ముగిశాక, ఆ పై శనివారం పిక్నిక్. స్నాక్స్ కొట్టు తలుపుకి ఒక జాబితా అంటించారు. ఇంటివాళ్ళు పని పూర్తి చేసిన పిల్లలకి వచ్చే ఏడు చోటు ఖాయమట.

దెబోరా పేరు ఉంది.

సంతోషం వేసింది. వెంటనే గుర్తొచ్చింది, ఇంట్లోంచి ఎవరూ రాలేదు. ఎవరో పొరపాటు పడ్డారు. నోరు మూసుకుంటే చాలు, వచ్చే ఏడు కూడా ఆడొచ్చు.

చాలాసేపు తలుపు దగ్గరే నిలబడింది. చివరికి లోపల కాగితాలు సర్దుకుంటున్న లీగ్ సెక్రటరీ లూసీ దగ్గరికి వెళ్ళింది.

"నా పేరు తప్పు పడింది మేడమ్. మా ఇంట్లోంచి ఎవరూ రాలేదు. కొట్టెయ్యండి."

లూసీ కళ్ళజోడు పైకి తోసుకుని ఒక పుస్తకం తెరిచింది.

"ఎవరూ రాకపోవడమేంటి? గ్రౌండ్ డ్యూటీ. అందరికీ మూడు వారాలే. మీకు పది. ఒక్కటీ మిస్ కాలేదు."

"ఎవరు?"

"మిసెస్ నొవాక్. గీతలు గీసే ఆవిడ."

"ఆవిడ మీ ఎంప్లాయీ కదా?"

"గ్రౌండ్ ఊడ్చడానికి జీతమిచ్చేంత లీగ్ కాదు పాపా ఇది." లూసీ నవ్వి, గొంతు తగ్గించింది. "ఇంట్లోంచి పనికి ఎవరు వస్తారన్న గడిలో మీ నాన్న 'నాట్ అప్లికబుల్' అని రాశారు. ఫారం తిప్పి పంపబోతుంటే ఆవిడే నా చేతిలోంచి తీసుకుని అక్కడ తన పేరు రాసింది."

వీసా కాగితాలు నింపీ నింపీ నాన్నకి ఏ గడీ ఖాళీగా వదిలే అలవాటు లేదు. అర్థం కానిచోటల్లా ఆ రెండు మాటలే రాస్తాడు.

"ఆవిడ ఏరీ?"

"బుధవారం వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీ మూతపడి కొడుకు టెక్సస్ చేరాడు. ఇల్లు అమ్ముడయ్యేదాకా ఒక్కతే ఉంది ఇక్కడ."

"టెక్సస్‌లో ఎక్కడ?"

"అది చెప్పలేదు. టెక్సస్ చాలా పెద్దది పాపా."

దెబోరా పుస్తకం దగ్గరికి లాక్కుంది. తన పేరు కింద పది తేదీలు, పది వంకర సంతకాలు ఉన్నాయి. 'పిల్లకి ఏమవుతారు' అన్న గడిలో, ఏ వారమూ వదలకుండా, మిసెస్ నొవాక్ ఒకటే రాసింది: అమ్మమ్మ.