మాత్ర మానేసిన రెండు వారాలు

"రెండు వారాలా? మరి వంటెవరు చేస్తారు?"

ఫ్లూ టీకా వేశాక భార్య కీళ్లనొప్పుల మాత్ర కొన్నాళ్లు ఆపాలని డాక్టరమ్మ అనగానే భర్త నోట వచ్చిన మొదటి మాట అది. అడిగినా అడక్కపోయినా అందరికీ సలహాలిస్తాడని వీధిలో ఆయన్ని సలహాలాయన అంటారు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఈవిడ ఒంట్లో కాపలావాళ్లు దొంగల్ని వదిలేసి సొంత కీళ్ల మీదే పడుతున్నారండీ. అందుకే వారానికోసారి ఈ మాత్రిచ్చి వాళ్లని జోకొడుతున్నాం. ఫ్లూ టీకా అంటే వాళ్లకి దొంగ ఫోటో చూపించడం. నిద్రలో జోగేవాడికి ఫోటో చూపిస్తే ఏం గుర్తుంటుంది? టీకా వేశాక రెండు వారాలు మాత్ర మానేస్తే కాస్త కళ్లు తెరుస్తారు."

"నొప్పులు తిరగబెడతాయేమో?" భార్య భయంగా అడిగింది. ఆవిడ బట్టలు కుడుతుంది. వేళ్లు ఆడితేనే పని.

"తిరగబెట్టొచ్చు. చేతులకి పని చెప్పకండి. కిందటేడు ఫ్లూతో ఆస్పత్రిలో పడ్డారుగా, మళ్లీ అంతవరకూ తెచ్చుకోవద్దు."

"నొప్పిదేముందండీ, మనసు గట్టి చేసుకుంటే సరి!" అన్నాడు సలహాలాయన.

డాక్టరమ్మ ఆయన వంక ఒకసారి చూసి, టీకా వేసి పంపేసింది.

వారం తిరక్కుండానే ఆవిడ వేళ్లు వాచాయి. కత్తెర మాట అటుంచి, సీసా మూత తిప్పడమే గగనమైంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి కుర్చీలో కూలబడింది. సలహాలాయన వంటింట్లోకి అడుగు పెట్టక తప్పలేదు.

"ఉప్పెక్కడే?"

"మీ కళ్లెదురుగానే."

"కళ్లెదురుగా అన్నీ డబ్బాలే!"

అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. అత్తగారు కంచం వంక చూసి, "ఒరేయ్, దీన్ని తినమంటావా, గోడకి పూయమంటావా?" అంది. ఇన్నేళ్లూ కోడలి వంటకి వంకలు పెట్టడమే తెలిసిన మనిషి, "నీ చెయ్యెప్పుడు బాగవుతుందే తల్లీ?" అని కంచం పక్కకి నెట్టి అడిగింది. కోడలికి నవ్వూ, నొప్పికి కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి.

ఒక సాయంత్రం గిన్నెలు తోముతూ తోముతూ సలహాలాయన నడుం పట్టుకుని నిలబడిపోయాడు. "రోజూ ఈ చాకిరీ అంతా ఎలా చేస్తున్నావే?"

"మనసు గట్టి చేసుకుని," అందావిడ.

గడువు తీరింది. మాత్ర మళ్లీ మొదలైంది. మెల్లగా వాపులు తీశాయి, కుట్టుమిషను మీద గుడ్డా తీశారు. సలహాలాయన చెయ్యి కడుక్కుని పేపరు పట్టుకున్నాడు.

తర్వాతి పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఒక్కో వేలూ నొక్కి చూసి తృప్తిగా తలూపింది. "బాగున్నాయి. వచ్చే నెల న్యుమోనియా టీకా కూడా వేసేద్దాం."

తలుపవతల బెంచీ మీద సలహాలాయన ఎవరికో, బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాలో పాఠం చెబుతున్నాడు.

"కంగారు పడకండి, ఈ టీకాకి మాత్ర ఆపక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "మీవారిని పిలవండి, ఆయనకీ చెబుతాను."

ఆవిడ గబుక్కున లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది.

"మీకు పుణ్యముంటుంది డాక్టరమ్మా! మాత్ర నేను వేసుకుంటాను. ఆయనకి మాత్రం నెల్లాళ్లు ఆపాలని చెప్పండి."