కొత్త చీటీ, పాత పేషెంటు

"నా ఫోన్ల ఏం సూస్తున్నవ్ తాతా?"

శిరీష గట్టిగానే అడిగింది.

కుర్చీలో వెనక్కి వాలిన కొమురెల్లి నవ్వాడు. "నా నోరు నీ ఫోన్ల ఉన్నదేమోనని బిడ్డా."

శిరీషకు ఒళ్లు మండింది.

నాచారం డెంటల్ కాలేజీలో ఆమెది ఆఖరి సంవత్సరం. పేషెంటు ముందు చాట్‌బాట్ వాడితే పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని మొన్ననే నోటీసు పెట్టారు. అయినా అందరూ చాటుగా వాడుతూనే ఉన్నారు.

ఈ ముసలాయన రావడం ఈ నెలలో నాలుగోసారి. ప్రతిసారీ కొత్త ఓపీ చీటీ, కొత్త స్టూడెంటు.

"ఏం బాధ?"

"నాలుక కింద పుండు."

ఆమె టార్చి వేసి చూసింది. ఫోన్‌లో టైపు చేసింది. పన్ను గీసుకుని ఉండొచ్చని జవాబు వచ్చింది. కింద ఇంకా ఏదో ఉంది. అంతదాకా చదవలేదు.

"పన్ను గీసుకుంటున్నది. నున్నగ జేస్తే తగ్గుతది."

"వేలు పెట్టి సూడవా బిడ్డా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. అది పేషెంటు అడిగే మాట కాదు.

"నిన్నెవరు పంపిన్రు?"

"గది చెప్పొద్దన్నరు."

క్యాంటీన్లో క్లాస్‌మేట్ తేజేష్ తేల్చేశాడు. "మేనేజ్‌మెంట్ మనిషే. నన్ను గూడ గట్లనే అడిగిండు. మన పేర్లు రాసిస్తున్నడు."

"నువ్వు వేలు పెట్టి సూసినవా?"

"చాట్‌బాట్ చెప్పింది, రాసిచ్చిన. పుస్తకం కన్న అదే మంచిగ సమజ్ జేస్తది. దాన్ని బంద్ పెడితే మనం పాసైతమా?"

ఆ సాయంత్రమే ఇద్దరూ ఫిర్యాదు రాశారు, ఈ పేషెంటు అమ్మాయిలను ఇబ్బంది పెడుతున్నాడని. అబద్ధమని తెలిసీ శిరీష సంతకం పెట్టింది.

మరుసటి వారం వాచ్‌మన్ ఆయన్ను గేటు దగ్గరే ఆపేశాడు. కొమురెల్లి వాదించలేదు. కాసేపు నిలబడి, ఉప్పల్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

పై అంతస్తు కిటికీలోంచి చూసిన శిరీష ఊపిరి పీల్చుకుంది.

రెండు నెలల సెలవు ముగించుకుని వచ్చిన ప్రొఫెసర్ స్వర్ణలత క్లాసులో అడిగారు. "కొమురెల్లిగారి నాలుక కింది గడ్డ ఎవరెవరి వేలికి తగిలింది?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"నలభై మందిల ఒక్కరికి గూడ తగల్లేదా? ఆయన్ను పంపింది నేనే."

శిరీష మెల్లగా లేచింది.

"మేమే రానియ్యలేదు మేడమ్. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినం. నేను పోయి తోల్కొస్తా."

"సోమవారం పానం ఇడిసిండమ్మా ఆయన."

రెండేళ్ల కిందట ఇదే కాలేజీలో ఓ స్టూడెంటు క్యాన్సర్ గడ్డను ముట్టుకోకుండానే 'మామూలు పుండు' అని రాసి పంపిన కేస్ షీటును స్వర్ణలత బల్ల మీద పెట్టారు. పైన కొమురెల్లి పేరుంది, అట్టడుగున ఆయన తర్వాత రాసిన వంకర అక్షరాల్లో, 'నాకైంది ఇంకొకరికి కావొద్దు, నా గడ్డ పిల్లలకు సూపియ్యున్రి' అని ఉంది.